డైరీయా, బ్రౌజరా, యాపా? కాశీబుగ్గ కౌంటర్లోంచి చూస్తే

మొన్న జనవరిలో ఇంట్లో గోడ మీది పాత క్యాలెండర్ దించి కొత్తది తగిలించాం. పాతదాన్ని మా అన్నయ్య కూతురు పట్టుకుపోయి లెక్కల పుస్తకానికి అట్ట వేసుకుంది. పదిహేను రోజులు తిరక్కుండానే అమ్మ ఫోన్ పాడైంది. కొత్త ఫోన్ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. "అక్టోబరు కాయితం ఎనకాల రాసీసినాను కదా" అంది అమ్మ, తీరిగ్గా. ఆ అక్టోబరు కాగితం అప్పటికి బడి సంచిలో ఉంది, అట్ట లోపలి వైపు, టేపు కింద. విప్పి చూస్తే అన్నీ కనిపించాయి గానీ చివరి అంకె సరిగ్గా మడత మీద పడి అరిగిపోయింది. అది 1 అని నేను, 7 అని అమ్మ. రెండుసార్లు నా మాట ప్రకారం కొట్టి, మూడోసారి అమ్మ మాట విన్నాం. ఏడే.

కాశీబుగ్గలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నాది. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, పాస్‌పోర్టు ఫారాలు, రైలు టికెట్లు, జిరాక్సు. కౌంటర్లో కూర్చున్నవాడికి ఊళ్ళో ఫోన్లన్నీ చేతికొస్తాయి. నా ఖాతా ఎవడో ఎత్తుకుపోయాడు అని వచ్చేవాళ్ళు నెలకి ఒకరో ఇద్దరో. నా ఖాతాలోకి నేనే వెళ్ళలేకపోతున్నాను అని వచ్చేవాళ్ళు రోజుకి ఒకరో ఇద్దరో. అందుకని కింద చెప్పే ప్రతి పద్ధతినీ రెండు ప్రశ్నలతో తూస్తాను. దొంగకి ఇది ఎంత కష్టం? ఫోన్ పోయిన రోజున నాకు ఎంత కష్టం? యూట్యూబ్ సలహాలన్నీ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. నేను రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను, ముందే చెప్పేస్తున్నాను.

పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి

ఎక్కువమంది బుర్రలో పెట్టుకుంటారు. బుర్రలో పట్టేది ఒకటే కాబట్టి అన్ని చోట్లా అదే పెడతారు. పేరు, పక్కన సున్నాలో ఏ పెట్టిన గుర్తు, ఆ పక్కన 123. ఇంకొంచెం జాగ్రత్తపరులైతే పుట్టిన సంవత్సరం. దీనివల్ల వచ్చే ముప్పు జనం అనుకునేలాంటిది కాదు. ఎవడో కూర్చుని మీ పాస్‌వర్డ్ ఊహించడు. మీరెప్పుడో ఒక్క చీర కొనడానికి ఖాతా తెరిచిన సైట్ నుంచి లక్షల ఈమెయిళ్ళూ పాస్‌వర్డ్‌లూ ఒక్కసారిగా బయటికి పోతాయి. ఆ జాబితా దొరికినవాడు అదే జోడీని జీమెయిల్లో, ఫేస్‌బుక్కులో ప్రోగ్రాం పెట్టి వరసాగ్గా కొట్టిస్తాడు. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైట్లో మీ ఈమెయిల్ కొడితే అది ఏ ఏ లీకుల్లో ఉందో చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, అక్కడ పాస్‌వర్డ్ కొట్టే పనీ లేదు. ఒకసారి చూసుకోండి, బుర్రలో ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఎంత పనికొచ్చేదో అర్థమవుతుంది.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని ఆఫీసుల్లో ఇంకా చెబుతుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నియమాన్ని వద్దంది. బలవంతంగా మార్చమంటే మనిషి 123ని 124 చేస్తాడు, అంతే. లీకైందని తెలిసినప్పుడు మార్చండి. ఊరికే మార్చకండి.

ఇక డైరీ. నలుగురిలో దీన్ని సమర్థిస్తే నవ్వుతారు గానీ నేను దీని పక్షమే, ముఖ్యంగా యాభై అయిదు దాటినవాళ్ళకి. ఏ దేశంలోనో కూర్చున్న దొంగ మీ బీరువాలోని పుస్తకం చదవలేడు. కరెంటు లేకపోయినా తెరుచుకుంటుంది. ఇరవై రూపాయలు. అందులో ఉన్న లోటల్లా మనుషుల లోటే. క్యాలెండర్ మీద, కరెంటు బిల్లు వెనకాల, ఫోన్ కవర్ లోపల చీటీ మీద రాస్తే అది డైరీ కాదు. ఫోన్ కవర్లో చీటీ అయితే మరీ ఘోరం, పోతే రెండూ కలిసే పోతాయి. ఒక్కటే పుస్తకం ఉండాలి, పొలం పాస్‌బుక్కూ ఇంటి కాగితాలూ ఉండే చోటే ఉండాలి. బ్యాంకు పిన్‌లు, యూపీఐ పిన్ అందులో రాయకూడదు. అవి నాలుగో ఆరో అంకెలు, అవి మాత్రం బుర్రలోనే. పెద్దక్షరం ఏదో చిన్నక్షరం ఏదో తెలిసేలా రాయాలి, సున్నాకీ ఓ అక్షరానికీ తేడా ఉండాలి. మా అమ్మ ఇప్పుడు ఏడుకి నడుం మీద అడ్డగీత పెడుతోంది.

డైరీతో వచ్చే అసలు ఇబ్బంది దూరం. ఇంట్లో పుస్తకం, మనిషి హైదరాబాదులో. మా ఉద్దానం కుర్రాళ్ళు ఓడల మీదా, గల్ఫులో వెల్డింగు పనుల్లోనూ, ఆర్మీలోనూ ఉంటారు. వాళ్ళు "ఒలే చెల్లీ, పుస్తకం తీసి నాలుగో పేజీ ఫోటో తీసి వాట్సాప్ పెట్టీ" అన్న రోజున డైరీ భద్రత అయిపోయినట్టే.

ఆ ఫోటో సంగతే తర్వాతది. పాస్‌వర్డ్ ఫోటో తీసి గ్యాలరీలో ఉంచుకోవడం, తనకి తనే వాట్సాప్‌లో పంపుకోవడం, కాంటాక్టుల్లో దాచడం. మూడోది మా దగ్గర చాలా ప్రసిద్ధి. "ఏటీఎం మావయ్య" అని ఒక కాంటాక్టు, నంబరులో చివరి నాలుగంకెలు పిన్. ఎన్ని ఫోన్లలో ఆ మావయ్యని చూశానో. దొంగలకీ ఆ మావయ్య చుట్టమే. ఈ పద్ధతికి నేను సున్నా మార్కులు వేసి ముందుకెళ్తాను.

ఫోన్లోనే, బ్రౌజర్లోనే సేవ్ చేసుకోవడం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్ళకి గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఉచితంగా ముందే ఉంటుంది, ఐఫోన్ వాళ్ళకి ఆపిల్‌ది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు అదే పొడవాటి పిచ్చి పాస్‌వర్డ్ తయారుచేసి ఇస్తుంది, అదే గుర్తుపెట్టుకుంటుంది. దీని గొప్పతనం చాలామందికి తెలియదు. మీ బ్యాంకు సైట్‌లా కనిపించే దొంగ సైట్లోకి వెళ్తే అది పాస్‌వర్డ్ నింపదు. మన కళ్ళు అక్షరాలని చూసి మోసపోతాయి, అది చిరునామా చూస్తుంది. ఎప్పుడూ దానంతటదే నింపే పాస్‌వర్డ్ ఒక రోజు నింపలేదంటే అక్కడ ఆగి ఆలోచించాలి, "ఏటో పని చెయ్యట్లేదు" అని చేత్తో కొట్టేయకూడదు.

చిక్కేంటంటే తాళాలన్నీ ఒకే గుత్తికి వేలాడతాయి. ఆ గుత్తి మీ గూగుల్ ఖాతా, దానికి కాపలా మీ ఫోన్ స్క్రీన్ లాక్. మా వైపు ఇళ్ళల్లో స్క్రీన్ లాక్ అంటే ఇంగ్లీషు ఎల్ ఆకారంలో గీత. ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింటి గుంటడికీ తెలుసు, వాడు దాంతోనే గేములాడుతుంటాడు. బ్రౌజర్‌కి పాస్‌వర్డ్‌లు అప్పగించే ముందు ఆ ఎల్‌ని తీసేసి ఆరంకెల పిన్ పెట్టండి. పిల్లలకి ఫోన్ ఇవ్వక తప్పకపోతే ఆ పిన్ మాత్రం చెప్పకండి, మీరే తెరిచి ఇవ్వండి.

మా కంప్యూటర్లలో మాత్రం సేవ్ చేయమంటారా అని అడిగితే ఎప్పుడూ వద్దు నొక్కండి. రోజూ రాత్రి షట్టర్ దించే ముందు నేను తుడిచేస్తాను, కానీ మధ్యాహ్నం మీ తర్వాత కూర్చున్నవాడి మాటేంటి? సెంటర్‌కి వెళ్తే ఇన్‌కాగ్నిటో విండో, అంటే మూసేశాక ఏమీ గుర్తుంచుకోని కిటికీ, తెరవమని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింట్ తీయించుకున్నాక, మీ ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి మా కంప్యూటర్‌ని తీసేయండి. తీయకుండా ఇంటికెళ్ళిపోయినవాళ్ళ చాట్‌లు నా స్క్రీన్ మీద టింగుమంటూ రావడం నాకూ ఇబ్బందే.

విడిగా పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌లు ఆఖరివి. బిట్‌వార్డెన్ ఉచితంగా దొరుకుతుంది, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఐఫోన్లోనూ ఒకేలా పనిచేస్తుంది. కీపాస్ అయితే మొత్తం ఒక ఫైల్‌లో, నెట్‌తో పని లేకుండా మీ దగ్గరే ఉంటుంది. దొంగకి ఇవన్నిటికంటే కష్టం ఇవే. మీకూ కష్టమే. యాప్‌ని తెరిచే ఆ ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీకి ఫోన్ చేసి బతిమాలినా లాభం లేదు, వాళ్ళ దగ్గర కూడా ఉండదు. కీపాస్ ఫైల్‌కి రెండో కాపీ ఎక్కడా పెట్టకపోతే ఫోన్‌తో పాటు అదీ పోతుంది. 2022లో లాస్ట్‌పాస్ అనే పేరున్న మేనేజర్ నుంచి ఖాతాదారుల పెట్టెలే దొంగలు కాపీ చేసుకుపోయారు. పెట్టెలకి తాళాలున్నాయి గానీ, మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్ళకి ఆ తాళం ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేం. అంతమాత్రాన ఈ యాప్‌లు పనికిరావని కాదు. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక వాక్యంలా పొడవుగా ఉండాలి, ఆ ఒక్క వాక్యం మాత్రం కాగితం మీద బీరువాలో ఉండాలి. చూశారా, చివరికి మళ్ళీ డైరీ దగ్గరకే వచ్చాం.

పది ఖాతాలకి లోపున్నవాళ్ళు ఫోన్లో ముందే ఉన్న మేనేజర్, జీమెయిల్ పాస్‌వర్డ్ మాత్రం డైరీలో. నేనైతే చెప్పేది అదే. వ్యాపారం ఉండి జీఎస్టీ, బ్యాంకు, ఆన్‌లైన్ అమ్మకాల ఖాతాలు పాతిక ముప్ఫై ఉన్నవాళ్ళకి బిట్‌వార్డెన్ లాంటిది నేర్చుకునే కష్టానికి ఫలితం ఉంటుంది.

రెండో తాళం

పాస్‌వర్డ్ ఒక్కటే చాలని ఇప్పుడెవరూ అనరు. కనీసం జీమెయిల్‌కి రెండో తాళం, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో రుజువు అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్, ఉండాల్సిందే, ఎందుకంటే మిగతా ఖాతాలన్నీ పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పంపేది దానికే. ఎస్సెమ్మెస్సా, యాపా, పాస్‌కీనా అన్నదే తేల్చుకోవాలి.

ఎస్సెమ్మెస్ ఓటీపీ అందరికీ అలవాటు. ఏమీ దించుకోనక్కర్లేదు, ఏమీ నేర్చుకోనక్కర్లేదు. బటన్ల ఫోన్‌కి కూడా వస్తుంది. ఫోన్ పోయినా అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుంటే మళ్ళీ వస్తుంది, నా రెండో ప్రశ్నకి దీనంత మంచి జవాబు ఇంకోటి లేదు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయని మాత్రం గుర్తుంచుకోండి. దొంగ సిమ్ మార్పిడిని అడ్డుకోవడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం అది. అది తెలియక "ఓటీపీ రాట్లేదు బాబూ, పొద్దున్నుంచి సూస్తన్నాను" అని కౌంటర్ ముందు నిలబడేవాళ్ళుంటారు. రేపు రమ్మంటే నేనేదో పని తప్పించుకుంటున్నానని అనుకుంటారు.

బలహీనత ఎక్కడంటే, మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఉన్న ఏ యాప్ అయినా ఆ ఓటీపీ చదవగలదు. వాట్సాప్‌లో "మీ బండికి చలానా పడింది", "పీఎం కిసాన్ డబ్బులు ఆగాయి" అంటూ ఒక ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించే ఫైల్, వస్తుంది. నొక్కి, ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికీ వెళ్తుంది. తెలిసినవాళ్ళ నంబరు నుంచే వచ్చినా సరే, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే దేన్నీ తెరవకండి. ఆ తెలిసినవాళ్ళ ఫోన్ అప్పటికే పోయి ఉంటుంది.

ఇంకో బలహీనత మా ఊరికి ప్రత్యేకం. నంబరే చేజారిపోవడం. మందస వైపు నుంచి వచ్చే ఒక మావయ్య మస్కట్‌లో నాలుగేళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు ఊరి సిమ్ డబ్బాలో పడేసి వెళ్ళాడు. బ్యాంకుకీ, ఆధార్‌కీ, జీమెయిల్‌కీ అదే నంబరు. వచ్చి ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో ఆడగొంతు, "ఈ నంబరు నాది, మీరెవరు" అంటోంది. రీఛార్జి లేక వాడకం ఆగిన నంబర్లని కంపెనీలు రద్దు చేసి, కనీసం 90 రోజులు ఖాళీగా ఉంచాక వేరేవాళ్ళకి ఇవ్వచ్చు. ఇప్పుడాయన జీమెయిల్ రికవరీ కోడ్ ఆ ఆవిడకి వెళ్తోంది. ఆవిడ తప్పేమీ లేదు. మావయ్య మాత్రం నా కౌంటర్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఓడెక్కేవాళ్ళు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందు ఊరి సిమ్‌ని ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా వేసి రీఛార్జి ఆగకుండా చూడమని చెప్పి వెళ్ళండి, లేదా రెండో తాళాన్ని ఆ నంబరు మీంచి తీసేసి వెళ్ళండి.

బ్యాంకుల విషయంలో ఎంపిక మన చేతిలో పెద్దగా లేదు, అవి ఏది ఇస్తే అదే. ఎస్సెమ్మెస్ ఒక్కటే దారి కాదని, వేరే పద్ధతులూ వాడచ్చని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 గడువుతో. అందుకని కింద చెప్పేవి ముఖ్యంగా జీమెయిల్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి.

కోడ్ ఇచ్చే యాప్, అంటే గూగుల్ ఆథెంటికేటర్ లాంటిది. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య అంకె మీ ఫోన్లోకి వస్తుంది. అక్కణ్ణుంచి ఫోనూ, అవతలి సర్వరూ ఎవరికి వాళ్ళు ఆ రహస్యాన్నీ గడియారాన్నీ కలిపి లెక్క కడతాయి. ప్రతి 30 సెకన్లకీ కొత్త ఆరంకెలు. నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. ఫోన్ గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. కోడ్ తప్పంటోంది అని వచ్చిన కుర్రాడి ఫోన్ ఒకటి చూశాను, గేములో జీవితాలు పెరగడానికి తేదీ ముందుకి జరిపి పెట్టుకున్నాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు, సిగ్నల్ రోజుల తరబడి లేవు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయిన చోట రోడ్డే కనిపించలేదు. అప్పట్లో ఎవరి దుకాణంలో జనరేటర్ ఉంటే అక్కడ ఫోన్లు గుత్తులు గుత్తులుగా ఛార్జింగ్‌కి వేలాడేవి. మా తమ్ముడు బరంపురం వెళ్ళి ఒక చోట వైఫై పట్టుకుని తన ఆఫీసు ఖాతా తెరవబోతే ఎస్సెమ్మెస్ కోడ్ అడిగింది. వాడి సిమ్ కంపెనీకి అక్కడా టవర్ పనిచేయడం లేదు. యాప్ పెట్టుకుని ఉంటే ఆ నిమిషంలో లోపలికి పోయేవాడు. సిగ్నలే లేనప్పుడు యాప్ దేనికి అని అడిగేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ అదే.

నా రెండో ప్రశ్న దగ్గర యాప్ తడబడుతుంది. ఫోన్ పోతే కోడ్లూ పోతాయి. గూగుల్ ఆథెంటికేటర్ 2010 నుంచి ఉన్నా, ఆ కోడ్లని గూగుల్ ఖాతాలోకి కాపీ చేసుకునే వీలు 2023 ఏప్రిల్లో గానీ రాలేదు. ఇప్పటికీ ఆ కాపీ ఆన్ చేయనివాళ్ళున్నారు. పాత ఫోన్ అమ్మే ముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేసి, కొత్త ఫోన్లో యాప్ తెరిచి ఖాళీ తెర చూసి తెల్లమొహం వేసేవాళ్ళని చూస్తూనే ఉంటాను. కొత్త ఫోన్లో కోడ్లు వచ్చి, ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే పాతదాన్ని తుడవండి. వారం రోజులు పాతది ఇంట్లో ఉంటే మించిపోయేదేమీ లేదు, ఎక్స్‌ఛేంజి ఆఫర్ ఆఖరి రోజు అంటే తప్ప.

ఓటీపీకీ యాప్ కోడ్‌కీ ఇద్దరికీ ఉన్న ఉమ్మడి లోపం, రెండూ మనిషి చేత్తో కొట్టేవే. దొంగ సైట్లో కొడితే వాడు అదే క్షణంలో అసలు సైట్లో కొడతాడు. ఫోన్లో "కస్టమర్ కేర్" అన్నవాడికి చదివి చెప్పినా అంతే.

పాస్‌కీ ఈ లోపాన్ని పూడుస్తుంది. గూగుల్ ఖాతాలకి 2023 మేలో వచ్చింది, ఆండ్రాయిడ్ వాట్సాప్‌కి అదే ఏడాది అక్టోబరులో. పాస్‌వర్డ్ కొట్టే పనే ఉండదు. తాళంచెవి సగం ఫోన్లో, సగం సైట్ దగ్గర. లాగిన్ అంటే వేలిముద్రో స్క్రీన్ పిన్నో చూపించడమే. అసలు సైట్ చిరునామా కాకపోతే ఫోన్ ఆ చెవిని బయటికే తీయదు, కాబట్టి చదివి చెప్పడానికి మీ దగ్గర కూడా ఏమీ ఉండదు. అంకెలు చదవడం రాని మా పెద్దవాళ్ళకి ఇంతకంటే తేలికైనది ఇంకోటి లేదు. మా అమ్మకి ఇదే పెట్టాను. వేలు పెడితే తెరుచుకుంటోంది.

అయినా అందరికీ పెట్టమని చెప్పను. ఫోన్ ఒకరిదే అయ్యుండాలి. ఆ ఫోన్‌కి ఎవరెవరి వేలిముద్రలు ఎక్కించారో వాళ్ళందరూ మీ ఖాతా తెరవగలరు. మా వైపు భార్యాభర్తలూ, ఇద్దరు పిల్లలూ ఒకే ఫోన్లో వేళ్ళు పెట్టి ఉంచుకోవడం మామూలే. జీడి పిక్కలు ఒలిచే పనికి వెళ్ళే ఒక పిన్ని ఫోన్లో మాత్రం చిక్కు వేరు. వేళ్ళు జీడి రసానికి కాలి ముద్రలు అరిగిపోయి, ఆమె ఫోన్‌కి ఆమె వేలే పడదు. కొడుకు వేలు పడుతుంది! ఆమెకి ఆరంకెల పిన్ పెట్టి, కొడుకు వేలు తీసేశాం. వాడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంకా, జేబులో పట్టే సెక్యూరిటీ కీ ఒకటుంది, యూఎస్‌బీ ముక్కలా ఉంటుంది. దొంగకి అన్నిటికంటే కష్టం. కొన్ని వేల రూపాయలు, పోతుందేమోనని రెండు కొనాలి. పత్రికల్లో, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకి సరే. కాశీబుగ్గలో నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తలుపు మూసుకుపోతే వెనక దారి

ఇక్కడే నేను నా తప్పొకటి ఒప్పుకోవాలి. సెంటర్ పెట్టిన కొత్తల్లో ఈమెయిల్ లేని కుర్రాళ్ళు దరఖాస్తుకి వస్తే మా సెంటర్ ఈమెయిలే కొట్టేసేవాణ్ణి. పని తొందరగా తేలేది. ఏపీపీఎస్సీ వన్ టైమ్ ప్రొఫైల్ లాంటివి ఒకసారి తెరిస్తే ఏళ్ళ తరబడి అదే. నాలుగేళ్ళ తర్వాత ఆ కుర్రాడికి పాస్‌వర్డ్ కావాలంటే నా దగ్గరకే రావాలి. నేను అప్పటికి ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటాను. ఒకమ్మాయి పరీక్ష గడువు ఆఖరి రోజున ఏడుస్తూ నిలబడ్డాక ఆ అలవాటు మానేశాను. ఎవరి ఖాతాకైనా ఈమెయిలూ నంబరూ వాళ్ళవే ఉండాలి. సెంటర్ వాడు "మాది పెట్టేస్తాను" అంటే వద్దనండి, నేనన్నా సరే.

జీమెయిల్ సెట్టింగుల్లో బ్యాకప్ కోడ్లని ఉంటాయి. పది కోడ్లు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్, సిమ్, యాప్ అన్నీ పోయినా పాస్‌వర్డ్ తెలిసుంటే వీటితో లోపలికి రావచ్చు. ప్రింట్ రెండు రూపాయలు. ఒకటి ఇంట్లో బీరువాలో, ఓడెక్కే కుర్రాళ్ళయితే ఇంకోటి పాస్‌పోర్టుతో పాటు. పైన చెప్పిన ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ ఒక్క కాగితంతో దాని లోటు చాలావరకు తీరిపోతుంది. అందుకే ఎస్సెమ్మెస్సా యాపా అని అరగంట వాదించే కుర్రాళ్ళని ముందు కోడ్లు ప్రింట్ తీసుకోమంటాను.

రికవరీ ఈమెయిల్‌గా భార్యదో, అన్నదో పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకరికొకరు పెట్టుకుని ఇద్దరి పాస్‌వర్డ్ ఒకే క్యాలెండర్ మీద రాయకపోతే చాలు. రెండేళ్ళు తెరవని గూగుల్ ఖాతాలని గూగుల్ తొలగించగలదు, కాబట్టి రికవరీకి పెట్టిన ఖాతాని కూడా అప్పుడప్పుడు తెరుస్తుండాలి. ఏమీ లేక రికవరీ ప్రశ్నల దాకా వెళ్ళాల్సి వస్తే, పని చేసే చోట కొత్త ఫోన్లో కాక, ఊళ్ళో ఎప్పుడూ వాడే పాత ఫోన్లో, ఇంటి నెట్ మీద ప్రయత్నించండి. గూగుల్ తెలిసిన పరికరాన్నీ తెలిసిన చోటునీ లెక్కలోకి తీసుకుంటుంది. హైదరాబాదులో వారం రోజులు కుదరని ఒక ఖాతా, దసరాకి ఊరొచ్చి పగిలిన పాత ఫోన్లో పెడితే పది నిమిషాల్లో తెరుచుకుంది.

వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి, దానికి ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఈమెయిల్ ఇవ్వకుండా పిన్ మరిచిపోతే ఏడు రోజులు ఆగాలి.

ఎవరికి ఏది

పింఛను తీసుకునే పెద్దవాళ్ళకి, ఫోన్ తమ ఒక్కరిదే అయితే డైరీ, పాస్‌కీ. ఫోన్ ఇంటిల్లిపాదిదీ అయితే డైరీ, ఎస్సెమ్మెస్. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమని కూడా కొందరు చెబుతారు. వేలిముద్రతో డబ్బు తీసే మోసాల నుంచి అది కాపాడుతుంది, నిజమే. కానీ పింఛనుకో రేషనుకో వేలు పెట్టాల్సిన ప్రతిసారీ ముందు తెరవాలి. తెరిచిపెట్టే మనిషి ఇంట్లో ఉంటేనే చేయండి. ఒకటో తారీఖు పొద్దున్న వేలు పడక ముసలావిడ కంగారు పడటం నేను చూశాను.

పరీక్షలు రాసే కుర్రాళ్ళకి సొంత ఈమెయిల్, ఫోన్లో ఉన్న మేనేజర్, బ్యాకప్ కోడ్లు. రెండో తాళం ఎస్సెమ్మెస్ అయినా పరవాలేదు, నంబరు మాత్రం మార్చకూడదు. నెలకో ఆఫర్‌కి సిమ్ మార్చేవాళ్ళు యాప్ పెట్టుకోండి.

దేశం దాటేవాళ్ళకి కోడ్ ఇచ్చే యాప్ తప్పనిసరి, గూగుల్ ఖాతాలోకి కాపీ ఆన్ చేసి. కోడ్ల కాగితం పాస్‌పోర్టులో.

దుకాణాల వాళ్ళకి బిట్‌వార్డెన్, కోడ్ ఇచ్చే యాప్. కౌంటర్లో పనిచేసే కుర్రాడి ఫోన్‌కి దుకాణం ఖాతా రెండో తాళం కట్టకండి. వాడు మానేసిన రోజున తాళం కూడా వాడితోనే వెళ్తుంది.

ఫోన్ దొంగతనంలో పోతే, సిమ్ తీసి వేరే ఫోన్లో వేసుకుని ఓటీపీలు అందుకునే వీలుంది. సిమ్ పిన్ పెట్టుకుంటే అది కుదరదు. పెట్టే ముందు కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ తెలుసుకోండి, మూడుసార్లు తప్పు కొడితే మూసుకుపోయిన సిమ్‌ని తెరిచే పీయూకే కోడ్ కోసం కస్టమర్ కేర్ దాకా వెళ్ళాలి. పోయిన ఫోన్‌ని టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్లో బ్లాక్ చేయించవచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో అక్కడే కనిపిస్తుంది, మన దగ్గర ఒకరి పేరు మీద తొమ్మిదికి మించకూడదు. ఒకసారి చూసుకోండి, మీకు తెలియని నంబరు కనిపిస్తే నాది కాదని అక్కడే నొక్కవచ్చు. డబ్బు పోతే నా దగ్గరకి రాకండి, ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చేస్తే ఆ డబ్బు ఇంకా దారిలో ఎక్కడో ఆగి ఉండే అవకాశం ఉంది. ఫోన్ కలిసేలోపు లావాదేవీ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, వాళ్ళు అడిగేది అదే.